మే నెల రిసెప్షన్‌లో 700 మందికి ఏం తాగించాలి?

అన్నా అని పిలిచావు కాబట్టి తమ్ముడూ అనే రాస్తాను. నువ్వు చెప్పింది ఇదీ: చెల్లెలి రిసెప్షన్ మే రెండో వారంలో, తిరుచానూరు రోడ్డులో ఏసీ కల్యాణ మండపం, సాయంత్రం 6.30కి మొదలు, 700 మంది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు బెంగళూరులో స్థిరపడినవాళ్ళు, స్టేజీ మీద షాంపేన్ టోస్టు (దంపతుల పేరున అందరూ గ్లాసులెత్తి తాగడం) లాంటిదేదైనా ఉంటే బాగుంటుందంటున్నారు. ఈవెంట్ మేనేజరేమో 12 రకాల మాక్‌టెయిల్స్‌తో (మద్యం లేకుండా కలిపే డ్రింకులు) ఒక కౌంటరు, పొగలొచ్చే డ్రింకులతో ఇంకో కౌంటరు అని కొటేషన్ ఇచ్చాడు. మీ నాయన మాత్రం కూల్ డ్రింకులు తెప్పించి పోసేద్దాం, అంత ఖర్చెందుకు అంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగావు.

తిరుపతి చుట్టుపక్కల మండపాల్లో పానీయాల పని ఒప్పుకుని చేయించేవాడిగా చెబుతున్నా. డ్రింకుల పేర్లు చూసి ఎంచుకోవద్దు. గ్లాసు ఎన్ని గంటలకు, మండపంలో ఏ మూల, ఎవరి చేతికి అందాలో ముందు అనుకో. అది తేలితే గ్లాసులో ఏం పోయాలో చానావరకు తేలినట్టే.

మన దగ్గర రిసెప్షన్ నడిచే తీరు నీకు తెలియంది కాదు. కార్డులో ఆరున్నర అని వేస్తాం. ఏడింటి దాకా హాల్లో ఖాళీ కుర్చీలు, మన ఇంటివాళ్ళు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర లోపల మూడొంతుల జనం ఒక్కసారిగా దిగుతారు. వాళ్ళు నేరుగా ఫోటో లైనులో నిలబడతారు, ఫోటో అవగానే భోజనాల వైపు పోతారు. అంటే నువ్వు ఏం తాగించినా ఆ గంటలోనే తాగించాలి.

ఇప్పుడు 12 మాక్‌టెయిల్స్ లెక్క చూడు. గ్లాసు తీసి, ఐసు వేసి, పుదీనా నలిపి, సిరప్పు, నిమ్మరసం, సోడా పోసి, కలిపి, అంచుకు నిమ్మచెక్క గుచ్చి ఇవ్వడానికి చేయి తిరిగిన కుర్రాడికైనా 45 సెకన్లు పడుతుంది. గంటకు 80 గ్లాసులు. ఇద్దరుంటే 160. ఆ గంటలో వచ్చేది 500 మంది. మిగతావాళ్ళు కౌంటరు ముందు గుమిగూడి, విసుగెత్తి వెళ్ళిపోతారు. ఎనిమిదింటికల్లా ఆ కుర్రాళ్ళే కలపడం ఆపేసి, ముందే కలిపి పెట్టుకున్న జగ్గుల్లోంచి వంచడం మొదలుపెడతారు. అప్పుడు చూస్తే 12 పేర్ల వెనక ఉండేది నాలుగు సిరప్పు సీసాలు: నీలంది, పచ్చది, ఎర్రది, నారింజ రంగుది. నాలుగింట్లోనూ చక్కెర, రంగు, ఎసెన్సే. పేరుకు డబ్బు కట్టి చక్కెర నీళ్ళు తాగించడం ఎందుకు?

పొగ డ్రింకులకు మాత్రం ఒకటే మాట, వద్దు. అది డ్రై ఐస్, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల చలి. ముక్క గ్లాసు అడుగున మిగిలి ఎవరైనా మింగితే నోరు, గొంతు, కడుపు కాలిపోతాయి. కొందరు లిక్విడ్ నైట్రోజన్ తెస్తారు, అది మైనస్ 196. పిల్లలు తిరిగే చోట, ఏ గ్లాసు ఎవరు ఎత్తుకుంటారో తెలియని చోట దాన్ని పెట్టనిచ్చేవాడు నా దృష్టిలో కేటరింగ్ చేయదగ్గ మనిషి కాడు. వీడియోకు పొగ కావాలంటే స్టేజీ వెనక ఫాగ్ మెషీను పెట్టుకోమను.

నేనైతే మూడు రకాలు పెడతాను. గుమ్మం దగ్గర నన్నారి (సుగంధిపాల వేరు) నిమ్మ షర్బత్, హాలు పక్కన మామిడి, భోజనాల దగ్గర మజ్జిగ. చివర్లో ఫిల్టర్ కాఫీ. అంతే.

నన్నారి ఎందుకంటే, మే నెలలో బయట 40 దాటిన ఎండలో తిరిగి వచ్చినవాడికి దానంత హాయి ఇంకోటి లేదు. మనవాళ్ళందరికీ అలవాటున్న రుచి. బెంగళూరు వాళ్ళకూ కొత్త కాదు, వాళ్ళు దాన్నే నన్నారి అనో సొగదే బేరు అనో అంటారు. పైగా పాలు లేవు కాబట్టి విరగదు, గంటసేపు బయట ఉన్నా ఏమీ కాదు. పట్టుచీర మీద చుక్క పడ్డా నల్లద్రాక్ష రసంలా మరక పట్టి కూర్చోదు. గుమ్మం దగ్గర ఇచ్చేదానికి ఇది చిన్న విషయం కాదు. తోపులాట ఉండేది అక్కడే.

కానీ సిరప్పు చూసి కొను. నిజంగా వేరు నానబెట్టి కాచింది లేత గోధుమ, తేనె రంగు మధ్యలో ఉంటుంది. కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంటే కేరమెల్ రంగు కలిపారేమోనని అనుమానించు. మూత తీయగానే వెనిలా ఐస్‌క్రీమ్ వాసన గుప్పుమని కొట్టి, నోట్లో పోసుకుంటే ఏమీ మిగలకపోతే అది ఎసెన్సు. అసలు వేరులోనూ వెనిలాను తలపించే వాసన ఉంటుంది, కానీ దాంతో పాటు కాస్త మట్టి, కాస్త చెట్టు బెరడు వాసన నాలుక వెనక నిలుస్తుంది. ఒక సీసా ముందే తెచ్చుకుని ఇంట్లో కలిపి చూడు. చల్లగా ఉన్నప్పుడు తీపి తక్కువ తెలుస్తుంది, ఐసు కరిగితే ఇంకా పలచబడుతుంది. అందుకని కలిపిన వెంటనే కాకుండా, ఐసు వేసి పావుగంట వదిలేసి అప్పుడు రుచి చూడు. నీ అతిథి తాగేది ఆ రుచే.

కొలతలు రాసుకో. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 120 పోస్తాం. 700 మందికి 900 గ్లాసులు లెక్కవేసుకో, పిల్లలు రెండు మూడు తాగుతారు. మొత్తం 108 లీటర్లు. గ్లాసుకు 20 మిల్లీలీటర్ల సిరప్పు చొప్పున 18 లీటర్లు. నిమ్మరసం గ్లాసుకు 5 మిల్లీలీటర్లంటే నాలుగున్నర లీటర్లు, అంటే రసం బాగా ఉన్న కాయలైతే 300. గూడూరు కాయ దొరికితే అదే తెప్పించు. నిమ్మరసం మధ్యాహ్నమే పిండి ఎండలో పెడితే చేదెక్కుతుంది, సాయంత్రం ఐదు తర్వాత పిండించి చల్లగా ఉంచు. సబ్జా గింజలు కిలో చాలు. 20 నిమిషాలు ముందు నానబెడితే సరిపోతుంది. పొద్దున్నే నానబెట్టి డ్రమ్ములో కలిపేస్తే అన్నీ అడుగుకు దిగి, మొదటి 200 మందికి ఒక్క గింజ రాకుండా చివరివాళ్ళకు పాయసంలా వస్తుంది. గ్లాసులో చెంచాతో వేసి పైన షర్బత్ పోయించు.

సోడాతో చేస్తే ఇంకా బాగుంటుంది కదా అంటావు. ఉంటుంది. కానీ డ్రమ్ములో కలిపిన సోడాలో గ్యాసు నిలవదు, గ్లాసు గ్లాసుకు విడిగా పోసేంత టైము ఆ గంటలో ఉండదు. సోడా ముచ్చట ఇంకోచోట తీర్చుకుందాం, కింద చెబుతా.

ఐసు దగ్గరే చానామంది దెబ్బతింటారు, కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. మార్కెట్లో దొరికే పెద్ద దిమ్మ ఐసు చేపలకు, పెట్టెలు చల్లబరచడానికి చేసింది. తినడానికి పనికిరాని ఐసులో గుర్తుగా నీలం రంగు కలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, 2018లోనే చెప్పింది. అలాగని తెల్లగా ఉన్న ప్రతి దిమ్మా తినే ఐసు అనుకోకు. ఏ నీళ్ళతో పోశారో నీకు కనపడదు, గోనెపట్టా మీద ఈడ్చుకొచ్చింది మాత్రం కనపడుతుంది. పద్ధతేమిటంటే, దిమ్మ ఐసు డ్రమ్ము బయట, క్యూబ్ ఐసు గ్లాసు లోపల. వెడల్పాటి తొట్టిలో దిమ్మలు పగలగొట్టి ఉప్పు చల్లి, దాంట్లో షర్బత్ డ్రమ్మును కూర్చోబెట్టించు. డ్రమ్ములో ముందే చల్లబరిచిన క్యాన్ నీళ్ళు వాడితే గ్లాసులోకి రెండు క్యూబులు చాలు, పలచబడదు. ప్యాకెట్లలో వచ్చే క్యూబులే తెప్పించు, ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో చూడు. మే నెలలో లోపల, బయట కలిపి మనిషికి అర కిలో ఐసు అని లెక్క పెట్టుకో, అంటే 350 కిలోలు. ఎక్కువనిపిస్తుంది గానీ, వ్యాను దిగి మండపం వెనక గంటసేపు ఉండేసరికి పావు వంతు నీళ్ళయిపోయి ఉంటుంది. ఒకేసారి దింపించొద్దు. ఆరింటికి సగం, ఏడున్నరకు సగం. ముహూర్తాలు గట్టిగా ఉన్న రోజైతే ఐసు కూడా వారం ముందే అడ్వాన్సు ఇచ్చి మాట్లాడుకోవాలి.

మామిడి సంగతి. ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళం, మే నెలలో పెళ్ళి పెట్టుకుని మామిడి లేకుండా పంపితే బంధువులు మాట అంటారు. కేటరింగ్ వాళ్ళు మామూలుగా వాడేది డబ్బా గుజ్జు. మన చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో ఎక్కువగా తోతాపురితో చేస్తారు; ఆ కాయ జూన్, జూలైలో దిగుతుంది కాబట్టి నీకు మేలో దొరికేది పోయినేటి సరుకు. అందులో తప్పేమీ లేదు, గుజ్జు డబ్బా సరిగ్గా ఉంటే ఏడాది పైన నిలుస్తుంది. కాకపోతే తోతాపురికి పులుపు, రంగు ఉంటాయి గానీ వాసన తక్కువ. అందుకే కొందరు మామిడి ఎసెన్సు చుక్కలు వేసి అసలుకే ఎసరు పెడతారు. నీ తేదీకి బంగినపల్లి బాగా దొరుకుతుంది. గుజ్జు మూడు పాళ్ళు, తాజా బంగినపల్లి ఒక పాలు కలిపించు. రంగు, పులుపు తోతాపురి ఇస్తుంది, వాసన బంగినపల్లి ఇస్తుంది. అంతా పండుతోనే చేస్తే కూడా బాగుంటుంది, కానీ 700 మందికి తొక్క తీసి టెంక పిండేందుకు మనుషులు కావాలి.

పెద్ద డబ్బా 3.1 కిలోలు ఉంటుంది. చల్లటి నీళ్ళు, చక్కెర కలిపితే 10 లీటర్ల దాకా వస్తుంది, అంటే చిన్న గ్లాసులు 80. ఉబ్బిన డబ్బా, అంచు దగ్గర సొట్టపడిన డబ్బా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. తెరిచాక మిగిలింది ఆ డబ్బాలోనే ఉంచకుండా స్టీలు గిన్నెలోకి మార్చమను. 500 గ్లాసులకు చేయించు చాలు, అందరూ రెండూ తాగరు.

రోజ్ మిల్కు, బాదం పాలు పెడదామని ఆడవాళ్ళు అడుగుతారు. చలికాలం పెళ్ళయితే నేనే పెట్టమంటాను. మే నెలలో పాల డ్రింకు చల్లదనం తగ్గి రెండు గంటలు బయట ఉందంటే నాకు భయం. పైగా గుమ్మంలోనే పాలు తాగినవాడు భోజనంలో సగం వదిలేస్తాడు. మరీ పట్టుబడితే పిల్లల కోసం చిన్న సీసాల్లో వచ్చే బాదం పాలు ఫ్రిజ్‌లో పెట్టించి, అడిగినవాళ్ళకే ఇప్పించు.

మజ్జిగను తక్కువ చేయకు. మన వయసు దాటినవాళ్ళలో షుగరు లేనివాళ్ళెంతమంది? తీపి ముట్టని మనిషికి రిసెప్షన్‌లో నీళ్ళు తప్ప ఇంకేం దొరకదు, అది అతిథికి చిన్నతనంగా ఉంటుంది. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్ళు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర దంచి వడకట్టి, చిటికెడు ఇంగువ. వడకట్టడం మరిచిపోవద్దు, గొంతులో మిర్చి తొక్క తగిలితే స్టేజీ దాకా దగ్గు వినిపిస్తుంది. 25 లీటర్ల పెరుగు ఆ రోజు తోడుకున్నదే కావాలి. భోజనాల దగ్గరే కాకుండా ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళ దగ్గరకూ ఒక ట్రే తిప్పించు.

కొబ్బరి బొండాలు అరవైయో డెబ్బైయో తెప్పించి పెద్దవాళ్ళకు కొట్టించి ఇస్తే మర్యాదగా ఉంటుంది, అందరికీ పెట్టాలంటే కత్తి దగ్గర లైను కదలదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు కొబ్బరినీళ్ళు బలవంతం చేయొద్దని మనవాళ్ళకు చెప్పు. చెరకు రసం మిషను గేటు బయట అందంగా ఉంటుంది, ముందే తీసి పెట్టడం కుదరదు, నల్లబడిపోతుంది. డబ్బు మిగిలితే పెట్టుకో.

ఇక బెంగళూరు వాళ్ళ టోస్టు. వాళ్ళు అడిగింది తప్పని నేననను. కానీ షాంపేన్ అంటే ఫ్రాన్స్‌లో షాంపేన్ అనే ప్రాంతంలో చేసిన వైను. మనకు నాసిక్ వైపు నుంచి వచ్చేవి స్పార్క్‌లింగ్ వైన్లు. రెండూ మద్యమే. టీటీడీ కల్యాణ మండపాల్లో మద్యం మాటే ఎత్తకూడదు. ప్రైవేటు మండపాలు కూడా ఈ ఊళ్ళో చానావరకు ఒప్పుకోవు. నువ్వు సంతకం పెట్టిన అద్దె కాగితంలో ఆ షరతు ఉంటుంది, తీసి చదువు. ఎక్కడైనా సరే ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా ఫంక్షన్‌లో పోయకూడదు, మన రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు ఇవ్వకూడదు. ఇవన్నీ పక్కనపెట్టినా, మర్నాడు కొత్త దంపతులతో రెండు కుటుంబాలూ తిరుమల కొండెక్కుతాయి. అలిపిరి దగ్గర బండ్లు తనిఖీ చేస్తారు, మద్యం పైకి పోనివ్వరు. రాత్రి మిగిలిన సీసా ఎవరో మామయ్య కారు డిక్కీలో మరిచిపోయి ఉంటే, పొద్దున్నే సంచులన్నీ దింపుకుని అక్కడ నిలబడాల్సి వస్తుంది. స్నేహితులకు పార్టీ కావాలంటే ఇంకో రోజు, లైసెన్సున్న హోటల్లో, వాళ్ళ సొంత ఖర్చుతో.

మద్యం లేని స్పార్క్‌లింగ్ ద్రాక్ష రసం దొరుకుతుంది, అది వాడుకోవచ్చు. లేబుల్ చదివి కొను. మద్యం తీసేసిన వైన్ అని అమ్మేవాటిలో అర శాతం దాకా ఆల్కహాల్ మిగిలి ఉండొచ్చు, 0.0 అని రాసింది గానీ, అచ్చంగా రసం అని రాసింది గానీ తీసుకో. తెల్ల ద్రాక్షదే తీసుకో, మరక గుర్తుంది కదా. కాడ గ్లాసులు స్టేజీ మీదున్న 20 మందికి చాలు. 750 మిల్లీలీటర్ల సీసాకు ఆరు గ్లాసులు, నాలుగు సీసాలు కొంటే సరిపోయి మిగులుతుంది. గ్లాసుల గోపురం కట్టి పైనుంచి పోయడం అన్న ఆలోచన ఉంటే మానుకో. పిల్లలు, పూలు, వైర్లు ఉన్న స్టేజీ మీద గాజు పేర్చి పెట్టకూడదు.

నన్నడిగితే ఇంకా బాగుండే మార్గం ఉంది, గోలీ సోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది, మన ఊళ్ళలో ఇప్పటికీ బతికే ఉంది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి రబ్బరు వాషరుకు అదిమి పెడుతుంది. పెళ్ళికూతురు ఒకటి, పెళ్ళికొడుకు ఒకటి పట్టుకుని ఒక్కసారిగా గోలీ నొక్కితే వచ్చే చప్పుడుకు హాలంతా ఈలలే. షాంపేన్ సీసాలో ఐదారు అట్మాస్ఫియర్ల ఒత్తిడి ఉంటుంది, బిరడా ఎగిరి ఎవరి కంటికి తగులుతుందో అన్న భయం. ఇక్కడ గోలీ లోపలికే పడుతుంది. నన్నారి సోడా ఒకరికి, పన్నీర్ (గులాబీ నీళ్ళ) సోడా ఇంకొకరికి ఇవ్వు, సరదాగా ఉంటుంది. సీసాలు బాగా చల్లగా ఉండాలి, వెచ్చటి సోడా పొంగి చీరమీద పడుతుంది. స్టేజీ ఎక్కకముందు ఊపొద్దని మోసుకొచ్చే కుర్రాడికి గట్టిగా చెప్పు. ఈ ముచ్చట చూసి జనం అడుగుతారు కాబట్టి భోజనాల దారిలో గోలీ సోడా బండి ఒకటి పెట్టించు. సోడా ముచ్చట తీరేది అక్కడ. బెంగళూరు వాళ్ళు ఫోన్లు తీసి వీడియోలు తీసుకునేది కూడా అక్కడే, చూడు.

గ్లాసుల గురించి. ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి నిషేధం. కాగితం స్ట్రా కాసేపటికే మెత్తబడి నోట్లోకి ఊడొస్తుంది; చిన్న గ్లాసుకు స్ట్రానే వద్దు. షర్బత్‌కు స్టీలు గ్లాసులు అద్దెకు తీసుకో, చల్లదనం చేతికి తెలుస్తుంది. 300 ఉంటే, కడిగేందుకు ఇద్దరుంటే తిరుగుతాయి. వేన్నీళ్ళలో కడుగుతున్నారో, ఒకే బకెట్లో ముంచి తీస్తున్నారో మీ ఇంటివాళ్ళొకరు వెనక్కి వెళ్ళి చూడాలి. తాగే నీళ్ళు మనిషికి ముప్పావు లీటరు, 20 లీటర్ల క్యాన్లు 27 పడతాయి, 32 తెప్పించు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం కాబట్టి నీళ్ళ సీసాలు కూడా కొని, మిగిలినవి మర్నాటి ప్రయాణానికి పనికొస్తాయని లెక్క వేసుకోవద్దు.

మనుషుల్ని ఇలా సర్దు: గుమ్మం దగ్గర నలుగురు, అందులో ఇద్దరు నిండిన ట్రేలతో ఫోటో లైను వెంట నడవాలి. లైనులో చంటిబిడ్డతో నిలబడిన ఆడమనిషికి చేతికి అందిన ఒక్క గ్లాసు, కౌంటరు మీది 12 రకాలకన్నా ఎక్కువ.

మీ నాయన చెప్పిన కూల్ డ్రింకులు పూర్తిగా కొట్టేయకు, పిల్లలు అడుగుతారు, ఆయన మాటా నిలబడాలి. రెండు లీటర్ల సీసాలు తీసుకుంటే తెరిచిన కాసేపటికే చప్పబడతాయి. చిన్న సీసాల కేసులు నాలుగైదు, తెరవనివి వెనక్కి తీసుకునే ఒప్పందం మీద ఇచ్చే షాపులో తీసుకో. బిల్లు మీద ఆ మాట రాయించుకోవడం మాత్రం నాయనకు వదిలేయకుండా నువ్వే దగ్గరుండి రాయించు.